నమాజయ్యాక పక్కకు తిరిగితే

ఇంట్లో అతను చిన్నోడు. మీసాలొచ్చి, నాన్నకంటే జానెడు ఎత్తు పెరిగి, నీటి శుద్ధి గురించి పెద్ద చదువు చదవడానికి విమానమెక్కినా ఆ పేరు మారలేదు. విమానం దిగాకే అలా పిలిచే నోరు లేకుండా పోయింది.

పండగ పొద్దున అతను కళ్లు తెరిచేసరికి, గదిలో తనతో ఉండే సీనియరు ఇస్త్రీ చేస్తున్నాడు. ప్రతిదానికీ పాఠం చెప్తాడని అందరూ అతన్ని హెడ్మాస్టరు అంటారు. బల్ల మీదున్నది చిన్నోడి తెల్ల కుర్తా.

“పెట్టెలో ఇలాగేనా కుక్కేది? ఆవు నమిలి ఊసేసిన గుడ్డలా ఉంది. పండగపూట దీంతో వెళ్తావా?”

“నేను చేసుకునేవాణ్నిగా అన్నా.”

“చేశావులే. ముందు స్నానానికి నడు, వేణ్నీళ్లు అయిపోతాయి.”

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాన్న గుర్తొచ్చాడు. గుర్తొచ్చాడనడం కూడా తప్పే. లేచిన దగ్గర్నుంచీ మనసులో ఆయనే తిరుగుతున్నాడు. బస్సుల డిపోలో మెకానిక్ ఆయన. చిన్నోడు క్లాసులో ఫస్టొచ్చినా “ఊఁ” అనేవాడు, సైకిలు మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నా “ఊఁ” అనేవాడు. బిడ్డల్ని దగ్గరికి తీసుకోవడం ఎరగని మనిషి. ఒక్క పండగ రోజు మాత్రం, నమాజయ్యి ఉపన్యాసం ముగియగానే, పక్కకు తిరిగి కొడుకుని గుండెలకు హత్తుకునేవాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గోళ్లలో గ్రీజు వదలాలని ముందురోజే చేతులు కిరసనాయిలుతో తోముకునేవాడు కాబట్టి, ఎంత అత్తరు పూసుకున్నా ఆ వాసన సన్నగా తగులుతూనే ఉండేది. మళ్లీ పండగ దాకా అంతే. విమానాశ్రయంలో కూడా పెట్టె బెల్టు బిగువు చూశాడే గానీ, కొడుకు మీద చెయ్యి వెయ్యలేదు.

ఇక్కడ నమాజు ఒక ఆటల హాల్లో. రెండు గంటలకని అద్దెకు తీసుకున్నారు. నేల మీద ఆట గీతలు, వాటి మీద ప్లాస్టిక్ పట్టాలు, పట్టాల మీద వరసలుగా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు. నమాజు జరిగినంతసేపూ చిన్నోడికి బాగానే ఉంది. అవే మాటలు, అదే సజ్దా. నుదురు నేలకు ఆనించి కళ్లు మూసుకుంటే ఇంటి దగ్గరున్నట్టే ఉంది.

అంతా ముగిశాక అలవాటు కొద్దీ పక్కకు తిరిగాడు. పక్కనున్నాయన అప్పటికే అటు తిరిగి కొడుకులిద్దర్నీ వాటేసుకుంటున్నాడు. ఇటు చూస్తే అన్నదమ్ములు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. అంతలో ఎదురుగా ఒకాయన మొహం నిండా నవ్వుతో చేతులు చాచి వచ్చాడు. చిన్నోడికి ప్రాణం లేచొచ్చింది. తనూ చేతులు చాచాడు. ఆయన పక్కనుంచి దాటుకెళ్లి, వెనకాలున్న స్నేహితుణ్ని కావలించుకున్నాడు. చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తోచక చిన్నోడు జుట్టు సర్దుకోబోయాడు. తల మీద టోపీ ఉంది.

చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. అక్కడ అప్పటికే మధ్యాహ్నం దాటింది. అమ్మ ఎత్తింది.

“ఏం తిన్నావురా?”

“ఖర్జూరాలు తిని బయల్దేరానమ్మా.”

“అదీ ఒక తిండేనా! ఉండు, మీ నాన్నకిస్తా. పొద్దున్నుంచీ ఈ ఫోన్ చుట్టూనే తిరుగుతున్నారు. అడిగితే చార్జింగ్ చూస్తున్నానంటారు.”

“ఏరా,” అన్నాడు నాన్న.

“ఈద్ ముబారక్ నాన్నా.”

“ఊఁ.” ఈసారి అక్కడితో ఆగలేదు. “ఇవాళో తమాషా జరిగిందిరా. నమాజయ్యాక పక్కకు తిరిగి గట్టిగా పట్టేసుకున్నా. నువ్వనుకుని కాదులే, అలవాటు. చూస్తే ఎవడో కుర్రాడు, ముక్కూ మొహం తెలీదు. బిత్తరపోయాడు పాపం.”

“వదిలేశారా మరి?”

“ఎలా వదుల్తాం? మొదలుపెట్టాక మూడుసార్లూ కానివ్వాలిగా.” గొంతు సవరించుకున్నాడు. “వాడు పొట్టి. నీ గడ్డమైతే నా భుజానికి గుచ్చుకునేది.”

చిన్నోడు గడ్డం తడుముకున్నాడు.

“అక్కడ నిన్నెవరైనా...” అని ఆగిపోయాడు నాన్న.

“ఆఁ, చాలామంది నాన్నా.”

ఫోన్ పెట్టేశాక ఆ అబద్ధం కాల్లో ముల్లులా కలుక్కుమంటూనే ఉంది. చెప్పుల కోసం లోపలికెళ్లాడు. హాలు దాదాపు ఖాళీ. నడుముకి తాళాల గుత్తి కట్టుకున్న ముసలాయన ఒక్కడే పొడవాటి పట్టాను మడతపెట్టలేక అవస్థ పడుతున్నాడు. ఒక కొస పట్టుకుంటే రెండోది జారిపోతోంది.

చిన్నోడు వెళ్లి రెండో కొస అందుకున్నాడు. మడత కలపడానికి ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. దగ్గరికొచ్చేసరికి, తనేం చేస్తున్నాడో తెలిసేలోపే పట్టా వదిలేసి, ఆ ముసలాయన్ని పట్టేసుకున్నాడు. ఆయన కర్రలా బిగుసుకుపోయాడు. తర్వాత నెమ్మదిగా చేతులెత్తి, అటు, ఇటు, మళ్లీ అటు, మూడుసార్లూ హత్తుకున్నాడు. ఒంటి నుంచి సబ్బు వాసన. బక్క పలచని భుజాలు. ఇది నాన్న కాదని ఒళ్లంతటికీ తెలుస్తూనే ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు.

ముసలాయన తన భాషలో ఏదో అన్నాడు. చిన్నోడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. వీపు మీద తట్టి, నేల మీద పరిచే ఉన్న పట్టాల వైపు చూపించాడు. గుమ్మం దగ్గర ఆటకొచ్చిన అమ్మాయిలు బంతి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. చిన్నోడు కుర్తా చేతులు పైకి మడుచుకుని, తర్వాతి పట్టా కొస అందుకున్నాడు.