రెండు స్కూటర్లు, ఒక లూనా

“ఏమే, ఇట్టా వచ్చి ఈ టేపు చివర కాస్త పట్టుకో” అని త్రికోటేశ్వరరావు కేకేసినప్పుడు మల్లీశ్వరి కందిపప్పు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన చేసే ప్రతి పనికీ ఒక చివర ఆమె పట్టుకుంటూనే ఉంది. నిచ్చెన వేస్తే నిచ్చెన కాళ్ళు, బస్తా కుడితే బస్తా మూతి. ఎందుకని అడగడం ఎప్పుడో మానేసింది. కిరాణా కొట్టుకి ఆనుకుని, వీధి వైపుకే ఒక చిన్న గది ఉంది. అందులోకి వెళ్ళి, తన తల్లి అలివేలమ్మ మంచం తలాపున గోడకి టేపు ఆనించి నిలబడింది. కింద కూర్చుని కొట్టుకోసం చింతపండు గింజలు తీస్తున్న అలివేలమ్మ కాళ్ళు ముడుచుకుని అల్లుడికి దారి ఇచ్చింది. ఆయన గుమ్మం దగ్గర గొంతుక్కూచుని, పెదాలు కదిలిస్తూ లెక్క వేసుకుని, సంతోషంగా తలెత్తాడు.

“రెండు స్కూటర్లు, ఒక లూనా. హాయిగా పడతాయి.”

అప్పుడు గాని మల్లీశ్వరికి తను పట్టుకున్నదేమిటో తెలియలేదు. టేపు వదిలెయ్యాలనుకుంది. కానీ ఆయన ఇంకా అడ్డం కొలవలేదు. “ఆ మూలకి జరుగు” అన్నాడు, జరిగింది.

పేటలో ఆ ఏడు పెద్ద బజారు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పత్తి బళ్ళు, లారీలు, రిక్షాలు, బడి వదిలే వేళకి పిల్లలు, అన్నీ ఆ ఇరుకులోనే. ఎదురుగా బస్సు వస్తే ఎద్దులు బెదిరి కొట్లలోకి తలలు పెట్టేవి. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ప్రతి ఇంటి ముందూ ఎర్ర రంగుతో గీత గీసి వెళ్ళారు. వీళ్ళకి గీత అరుగు మీద పడింది. గోడని తాకలేదు. అరుగు పోతే పోయింది, ఇల్లు మిగిలింది కదా అని మల్లీశ్వరి ఆ రోజు దేవుడికి దండం పెట్టుకుంది. అయితే రోడ్డుతో పాటు కొత్త కట్టుబాటూ వచ్చింది. ఇకమీదట బండ్లు రోడ్డు మీద ఆపకూడదు. ఆపితే పోలీసాయన టైర్లలో గాలి తీసేస్తాడు. ఎదురు కిరాణా కొట్టు వాళ్ళు ముందుచూపుతో వాకిట్లో జాగా వదిలి ‘ఇచ్చట స్కూటర్లు నిలుపవచ్చును’ అని బోర్డు పెట్టారు. తన పాత బేరగాళ్ళు ఇద్దరు అటు తిరగడం చూసిన పూట త్రికోటేశ్వరరావు అన్నం కెలికి లేచిపోయాడు. ఆయన భయం ఉత్తిది కాదని మల్లీశ్వరికి తెలుసు. అందుకే కోపం తెచ్చుకోవడం కూడా ఆమెకి సరిగా చేతకాలేదు.

మధ్యాహ్నం వడ్డిస్తూ, గరిటె వైపు చూస్తూ అడిగింది. “మరి అమ్మ గది...”

“అమ్మ గదేంది? అది కొట్టు పక్క గది. మా నాయన ఉప్పు బస్తాలు వేసుకున్న గది. మీ అమ్మ గది ఎప్పుడయింది?”

“అమ్మ ఎక్కడ పడుకోవాలి?”

“నేనేమన్నా పొమ్మన్నానా? ఇంత ఇల్లుంది. మధ్యగదిలో పడుకోమను. కాస్త మజ్జిగ పొయ్యి.”

నిజమే, ఆయన పొమ్మనలేదు. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. మధ్యగదిలో మొగుడూ పెళ్ళాలూ, ఎదిగిన పిల్లలిద్దరూ పడుకుంటారు. అల్లుడు చొక్కా లేకుండా తిరిగే ఆ గదిలోకి అలివేలమ్మ పగటిపూట కూడా అడుగుపెట్టదు. గడప దగ్గర నిలబడి “అమ్మాయ్” అని పిలుస్తుంది. ఆయనకి ఆ సంగతి తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని తెలియనట్టు అనెయ్యడం ఎంత హాయి! మల్లీశ్వరికి ఆ విద్య రాలేదు. కొత్త కోడలిగా వచ్చిన రోజు తన ట్రంకు పెట్టె ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే అత్తగారు నవ్వి, “ఆడదానికి ఇల్లంతా తనదేనమ్మా, వేరే చోటెందుకు?” అంది. ఆ మాటకి అప్పుడు ఎంత పొంగిపోయిందో. ఆ పెట్టె మాత్రం వంటింట్లోంచి మంచం కిందికి, మంచం కిందనుంచి అటక మీదికి తిరుగుతూనే వచ్చింది. తల్లిని తెచ్చి పెట్టుకున్నాక ఆ పక్క గదిలోనే దానికి ఒక మూల దొరికింది. తల్లికి మొగపిల్లలు లేరు. అల్లుడి కూడు ఊరికే తినకూడదని తెల్లారి లేచింది మొదలు పప్పులు ఏరేది, చింతపండు ఒలిచేది, మిరపకాయలకి తొడిమలు తీసేది. పనులన్నీ అయ్యాక మల్లీశ్వరి వెళ్ళి ఆ మంచం పట్టె మీద కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆ ఇంట్లో ఎవరూ తనకి ఏ పనీ చెప్పని చోటు అదొక్కటే.

పక్కింటి హజ్రా బీ గోడ అవతల నుంచి తొంగిచూసింది. ఆమె మొగుడు జమాల్ సైకిల్ షాపు సగం ఎర్రగీత అవతలికి పోయింది.

“ఏంది వదినా, మీక్కూడా గోడ కొడతన్నారంట? గీత అరుగు మీదే గదా వేశారు?”

“స్కూటర్లకి జాగా కావాలంట.”

హజ్రా బీ పెద్దగా నవ్వింది. “బాగుందమ్మా! మాది సర్కారు వాళ్ళు కొట్టారు. మీది మీరే కొట్టుకుంటన్నారు.” నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, “పెద్దమ్మ ఏమంటంది?” అని మెల్లిగా అడిగింది.

పెద్దమ్మ ఏమీ అనలేదు. కూతురు నోరు తెరిచేలోపే చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

“చిన్నదాని దగ్గరికి పోతాలే. మిరపకోతలు ముందున్నాయి, దానికి చేతులు కావాలి.”

“దాని ఇంట్లో చోటేదమ్మా?”

“వసారా ఉంది గదా. చానా గాలి అక్కడ.”

చిన్న కూతురు బొల్లాపల్లి అవతల మెట్ట పల్లెలో ఉంటుంది. ఆ వసారాకి మూడు పక్కలా గోడ లేదు. మల్లీశ్వరి ఉండమని అనాలనుకుంది. అంటే ఎక్కడుండమని చూపించాలి? ఇల్లంతా తనదే. చూపించడానికి జానెడు చోటు లేదు.

బస్టాండులో మనుషులు విడిపోయేటప్పుడు అసలు మాటలేవీ రావు. నీళ్ళ సీసా పెట్టుకున్నావా, చిల్లర ఉందా, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు, ఇవే వస్తాయి. ఆ చిన్న మాటల కిందే పెద్దవన్నీ కప్పబడిపోతాయి. మల్లీశ్వరీ అంతే, మందుబిళ్ళలు మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పింది. బస్సు కదిలాక అలివేలమ్మ కిటికీలోంచి తల వంచి, “ఆ గోడ కొట్టేటప్పుడు నువ్వు బయటికి రామాక. దుమ్ము. నీకసలే ఆయాసం” అంది. రాళ్ళు ఎత్తే కూలీలకి చెంబుతో నీళ్ళు పొయ్యాల్సింది మల్లీశ్వరేనని ఆ తల్లికి తెలియక కాదు.

గోడ రెండు పూటల్లో పడిపోయింది. సిమెంటు నేల ఆరకముందే ఎవరో చక్రం దించారు, ఆ గాడి అలాగే ఉండిపోయింది. బేరాలు పెరిగాయి. పప్పులు ఏరడం, చింతపండు ఒలవడం అన్నీ ఒక్క మనిషి మీద పడ్డాయి. “మీ అమ్మ ఉన్నప్పుడు చింతపండులో ఒక్క గింజ కనపడేది కాదు” అని త్రికోటేశ్వరరావు బేరగాళ్ళ ముందే అన్నాడు. మల్లీశ్వరి రోజూ పొద్దున్నే బకెట్టు, కొబ్బరి చీపురు తీసుకుని వెళ్ళి నేల మీద కారిన నూనె మరకలు కడుగుతుంది. మంచం తలాపు ఎక్కడుండేదో, తల్లి కాళ్ళు ఎటు పెట్టేదో ఆమెకి తెలుసు. అక్కడికి వచ్చేసరికి చీపురు మెల్లిగా ఆడిస్తుంది.

అలా కడుగుతుండగా ఒకరోజు కోర్టుకి వెళ్ళే ప్లీడరు గారొకాయన స్కూటరు తెచ్చి ఆపాడు. “కాస్త జరుగమ్మా, బండి పెట్టుకోవాలి.”

మల్లీశ్వరి నడుం ఎత్తింది. సరిగ్గా ఆ తలాపు దగ్గర నిలబడి ఉంది. బస్సులో పక్క సీటు కోసం ఎవరైనా వస్తే అంటారే, అలాగే, తను అనబోతున్నట్టు తనకే తెలియకుండా అనేసింది.

“ఇక్కడ మనిషున్నారండీ.”

ఆయన తడి నేల వంక చూశాడు. బకెట్టు వంక చూశాడు. చుట్టూ చూశాడు. ఒక కాలు నేల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

కొట్లోంచి త్రికోటేశ్వరరావు తూకం రాయి చేత్తో పట్టుకుని హడావుడిగా వచ్చాడు. “ఎవరే? ఎవరున్నారంట?”

మల్లీశ్వరి చీపురు కిందికి దించింది. “నేను” అంది.

“ఓసి, నువ్వేనా! ఎవరో మనిషున్నారనుకున్నా.”