వల కన్ను

ఎడమ బొటనవేలికి దారం చుట్టి, వెదురు సూదిని లాగి, సైదమ్మ మరో ముడి బిగించింది. వలలో ఇంకో కన్ను ఏర్పడింది. చేపలు కోసే కత్తిపీట అప్పటికే కడిగి పక్కన పెట్టేసింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారులు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. బేరాలు పలచగా ఉన్నాయి.

పక్కనే చేపలమ్మే లచ్చమ్మకు ఆ చేతులు చూడటం అలవాటు. అరచేతుల్లో మొప్పలు గీరిన గాట్లు, చూపుడువేలి మీద దారం కోసిన గాడి. బాటసింగారం అవతలి ఊళ్లో ముప్పై ఏళ్లు సైదమ్మ వలలు అల్లితే, భర్త జానయ్య విసిరాడు. నిరుడు ఆయన పోగానే చెరువులో వాటా ఆగింది; ఆమె ఈ చౌరస్తాకొచ్చి చేపలు కోసుకుంటోంది. చెరువు ఈది, వల విసిరి చూపినవాళ్లకే సభ్యత్వమని మత్స్యకార సంఘం నిబంధన. తాతలనాడు రాసింది. దాన్ని మార్చమని సైదమ్మ అర్జీ పెట్టింది. ఈ రోజే ఊళ్లో సంఘం కూర్చుంది. బస్సుల్లేక ఆమె పోలేకపోయింది.

"అర్జీ ఇచ్చిననాడు నీ మరిది ఏమన్నడక్కా?" లచ్చమ్మ మళ్లీ అడిగింది, నవ్వుకోవడానికే.

"రామస్వామా? 'వదినె, చెర్వుల దుంకి చూపిస్తవా' అన్నడు. దుంకుత గానీ, నీ వలకు కన్నులెవరు అల్లుతరయ్యా అన్న. అర్జీ తీస్కొని జేబుల పెట్టుకున్నడు."

"కన్ను గింత పెద్దగేంది?"

"మూడు వేళ్లు దూరాలె. పిల్లచేప జారిపోవాలె. గది సుత రాయాలె గా సంఘం కాయిదంల. వాటా ఒస్తే ఊరికి పోత, లచ్చీ."

మధ్యాహ్నం రోడ్డు మీది వంట దగ్గర్నుంచి అన్నం పంపారు. సైదమ్మ రెండు ముద్దలు తిని ఆపేసింది.

"ఛాతీల జర మంటగున్నది."

"దవాఖానకు పోదమా?"

"రామస్వామిని రానీ. సంఘం మాట తెస్తనన్నడు."

గుంజకు ఆనుకుని మళ్లీ సూది పట్టింది.

నాలుగింటికి సంఘం అధ్యక్షుడు రామస్వామి మోటారుసైకిలు దిగాడు. చేతిలో కాగితం.

"వదినె! వల అల్లేటోళ్లు సుత సభ్యులే అని రాసినం. అందరు చేతులెత్తిన్రు. నీ పేరే మొదలు!"

సైదమ్మ పలకలేదు.

"అలిగినట్టున్నది," అన్నాడతను.

లచ్చమ్మ నవ్వుతూనే ఆమె భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి ఎప్పుడో చల్లబడింది.

ఇంతసేపూ లచ్చమ్మ ఆ పక్కనే కూర్చుని ఒక కొరమీనుకు బేరమాడింది. రామస్వామి కాగితాన్ని వదినె ఒడిలో పెట్టబోయి, పెట్టలేక, అలాగే నిలబడ్డాడు.

ఆమెను తీసుకెళ్లాక కూడా వల గుంజకే వేలాడుతూ ఉంది. దారం కొసన వెదురు సూది మెల్లగా తిరుగుతోంది. చివరి కన్ను మాత్రం ముడి పడక, తెరుచుకునే ఉంది.