బెల్టుకు ఆవలి వైపు

పీచ్ పండ్లు బెల్టు మీద దొర్లి వస్తూనే ఉన్నాయి. ఒతీలియా కుడిచేత్తో మెత్తబడ్డవాటిని ఏరి కింది తొట్టిలో పడేస్తోంది, సందు దొరికినప్పుడల్లా ఎడమ మణికట్టు గీరుకుంటోంది. పండ్ల నూగు చొక్కా చేతుల్లోంచి దూరి మెడ మీద, మోచేతి మడతల్లో, చివరికి కనురెప్పల మీద కూడా పేరుకుంది. ఎన్ని వేసవులు పనిచేసినా ఒంటికి అలవాటు కాని పాడు నూగు. అయినా ఇవాళ్టి అవస్థ అంతా నూగు వల్లే కాదు.

బెల్టుకు ఆవలి వైపు చాయో ఉంది. ఫ్రెస్నో ఊరి దగ్గరి ఆ పండ్ల షెడ్డులో ఆడవాళ్లు ఎదురెదురుగా జంటలుగా నిలబడతారు. ఒకరి కన్ను తప్పిన పండును రెండోవారు పట్టాలి. వీళ్లిద్దరూ మొదటి నుంచీ జంటే. పిల్లలు చేతికందాక సాయంత్రాలు పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీలో చేరిందీ జంటగానే. అక్కడి చదువు రెండేళ్లు. పనీ ఇల్లూ చూసుకుంటూ వీళ్లకు ఆరేళ్లు పట్టింది. మిగతా చదువుకు యూనివర్సిటీకి ఇద్దరం కలిసే వెళదామని ఒతీలియా ఒట్టు పెట్టించింది. నిరుడు ఆమెకు సీటు వచ్చింది, చాయో లెక్కల్లో తప్పింది. ఒతీలియా సీటు వదులుకుని ఆగిపోయింది. ఈ ఏడూ చాయో తప్పింది. ఒతీలియాకు మళ్లీ సీటు వచ్చింది. ఈసారి చేరతానని వాళ్లకు చెప్పేసింది. ఈ సాయంత్రమే బస్సు.

కూతురికి చెప్పింది, మేస్త్రికి చెప్పింది. చాయోకు మాత్రం చెప్పలేకపోయింది.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా ఒక్కచోట నిలవవు?" అంది చాయో.

"నూగు."

"పౌడరు రాసుకోవే అంటే వినవు. చదువుకున్నదానివి, మా మాటలెందుకు వింటావులే."

భోజనాల వేళ షెడ్డు చూరు కింద కూర్చున్నారు. ఒతీలియా చిక్కుళ్లు చుట్టిన తోర్తియా రొట్టెను రెండు కొరుకులు కొరికి పక్కన పెట్టింది. రెండుసార్లు నోరు తెరిచి, ఒకసారి ఎండ గురించీ, ఒకసారి కూతురి ఉద్యోగం గురించీ మాట్లాడింది. ఇంత వయసొచ్చీ ఒక్క మాట చెప్పడానికి ఇంత పిరికితనమా అని తన మీద తనకే రోత పుట్టింది.

బెల్టు మళ్లీ కదిలింది. మెత్తటి పండొకటి ఒతీలియా కళ్ల ముందు నుంచే దాటిపోయింది. చాయో దాన్ని పట్టుకుని, తొట్టిలో వేయకుండా చేతిలోనే ఉంచుకుంది.

"బస్సెన్నింటికే?"

ఒతీలియా చేతులు ఆగిపోయాయి.

"నీకెవరు చెప్పారు?"

"వారం నుంచి షెడ్డంతా ఇదే గుసగుస. నువ్వే చెప్తావని చూశా. ఆ మాత్రానికి కూడా పనికిరాకుండా పోయానా?"

"నిరుడు నీ కోసం ఆగాను కదే. మళ్లీ ఆగాలంటే..."

"ఎవరాగమన్నారే నిన్ను!" చాయో గొంతు బెల్టు చప్పుడును మించిపోయింది. "నాకెందుకే యూనివర్సిటీ? నేనెప్పుడన్నా అడిగానా? అంతమంది కుర్రకారు మధ్య బిక్కుబిక్కుమంటూ ఒక్కదానివే కూర్చుంటావని కాలేజీకి వచ్చా. ఆ లెక్కలు నా బుర్రకెక్కవు, ఎక్కాలనీ లేదు. పాసయ్యుంటే నన్ను అక్కడిదాకా ఈడ్చుకుపోయేదానివి."

తాను ఆగిపోవడం త్యాగమనుకుని ఏడాదిగా లోలోపల మురిసిపోయింది ఒతీలియా. ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గేసింది. కోపమూ వచ్చింది.

"ఇన్నాళ్లూ చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?" అంది చాయో. చేతిలోని పండును తొట్టిలోకి విసిరింది. "పని చూడు."

పొద్దు వాలాక సైరన్ మోగింది. చాయో అదనపు పనికి ఆగింది. ఒతీలియా తలకు కట్టుకున్న గుడ్డ విప్పి, ఏం చేయాలో తోచక దాన్ని మడతలు పెట్టసాగింది.

"పో, బస్సు పోతుంది," అంది చాయో, పండ్ల మీంచి చూపు తిప్పకుండానే. "అక్కడ ముందు వరసలో కూర్చో. ఇక్కడి కాలేజీలో నా మూలంగా ఎప్పుడూ వెనకాలే కూర్చున్నావు."

వెనక్కి చూస్తే కాళ్లు కదలవని ఒతీలియాకు తెలుసు. చూడకుండానే గేటు దాటింది.

బెల్టు రెండు వైపులా చాయోనే చూసుకుంటోంది. ఒతీలియా తాగి వదిలేసిన నీళ్ల సీసా ఆవలి అంచున ఉంది. మేస్త్రి దాన్ని తీయబోతే, "ఉండనీ" అంది. బెల్టు అదురుకు సీసాలో మిగిలిన నీళ్లు వణుకుతూనే ఉన్నాయి.