చిరిగినవే మా ఇంటికి

మా ఇంటికి చిరిగిన పుస్తకాలే వచ్చేవి. తమ్ముడు కాలేజీ లైబ్రరీకి బైండరు. నెలకోసారి అట్టలూడినవీ, కుట్లు తెగినవీ గోనెసంచిలో తెచ్చి వీధిగదిలో బల్ల మీద పేర్చుకునేవాడు. కుట్టి, జిగురు రాసి, ఇనుప మరలో బిగించాక పుస్తకం తెరవడానికి ఉండదు. అందుకని కాగితాలు విడివిడిగా ఉన్నప్పుడే చదివేసేవాడు. పద్దెనిమిదేళ్ళు అలాగే చదివాడు.

ఆ లైబ్రరీలో కార్డు విద్యార్థులకు, సిబ్బందికి. రిటైరైనవాళ్ళు అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. బయటివాళ్ళకు గుమ్మం వరకే. తమ్ముడు బయటివాడు. కార్డు కావాలని ఒకసారి లైబ్రేరియన్‌ని అడిగాడట. ఆయన నవ్వితే తనూ నవ్వేసి వచ్చేశాడు.

నిరుడు సంచిలో ఒక సముద్రయానం పుస్తకం వచ్చింది, మొదటి సంపుటం. ఓడ మంచులో ఇరుక్కుపోవడంతో అది అయిపోతుంది. రెండోది లైబ్రరీలోనే ఉంది. దాన్నెవరూ తీసుకెళ్ళలేదు, అందుకని చిరగలేదు, అందుకని మా ఇంటికి రాలేదు.

ఊపిరితిత్తులు పాడై మంచమెక్కాక వాడు డాక్టరు ఏమన్నాడో ఒక్కసారీ అడగలేదు.

"వాళ్ళు ఇళ్ళకు చేరారంటావా అక్కా?"

"ఎవర్రా?"

"ఓడవాళ్ళు."

నేను పనిచేసే బడి నుంచి ఉత్తరం రాయించుకుని కాలేజీకి వెళ్ళాను. రెండో సంపుటం పది రోజులకు ఇమ్మని అడిగాను. లైబ్రేరియన్ కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"రూలు ఒప్పుకోదు టీచరుగారూ. అయినా అతికించేవాడికి చదువెందుకండీ? ఇవాళ మీవాడికిస్తే రేపు ఫ్యాను బాగుచేసేవాడొచ్చి నిలబడతాడు."

పక్కనున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు. దాంతో ఆయనకు హుషారొచ్చింది.

"తొందరెందుకు? చిరగనివ్వండి. చిరిగితే అదే మీ ఇంటికి నడిచొస్తుంది!"

నేనడిగింది పది రోజులు. తొమ్మిదో రోజున తమ్ముడు పోయాడు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం లైబ్రేరియన్ మా గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో ఆటో ఆగి ఉంది.

"అమ్మా, పోయినవాడి దగ్గర మావి నలభై మూడు పుస్తకాలుండిపోయాయి. సోమవారం తనిఖీ. ఇప్పిస్తే పట్టుకెళతాను."

తమ్ముడి రసీదు పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచాను. ప్రతి సంచికీ ఇచ్చినట్టు ఒక సంతకం, తిరిగి ముట్టినట్టు ఒక సంతకం ఉంటాయి. ఆ నలభై మూడింటికీ రెండూ ఉన్నాయి.

"ఇవి తిరిగి ముట్టాయని రెండు నెలల క్రితమే మీరు సంతకం పెట్టారు."

"అది... మీవాడు మంచం మీద ఉన్నాడు. పుస్తకాలు బయట ఉండిపోయాయంటే పైవాళ్ళు నన్ను తింటారు. అందుకని ఈ రసీదు పుస్తకం తెప్పించుకుని కాగితం మీద..."

"అయితే పుస్తకాలు లైబ్రరీలోనే ఉండాలి కదండీ."

"వాటి మీద మా ముద్ర ఉందమ్మా!"

"ముద్రా ఉంది, సంతకమూ ఉంది. సోమవారం వచ్చేవాళ్ళకు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"మూడు నెలల్లో రిటైరవుతున్నాను. ఈ వయసులో నా పరువు తియ్యకండి. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"కాళ్ళొద్దు. రెండో సంపుటం తీసుకురండి."

మర్నాడు పొద్దున్నే ఆటోలో తెచ్చాడు. నీలం అట్ట, ఎక్కడా మరక లేదు. వీధిగదిలో బల్ల మీద పెట్టి, పెద్ద మేలు చేసినవాడిలా నా వైపు చూశాడు.

"నా కార్డు మీద రాయించానమ్మా. సిబ్బందికి ఆరు పుస్తకాల దాకా ఇస్తారు. ఎన్నాళ్ళయినా ఉంచుకోండి."

నేను పుస్తకం ముట్టుకోలేదు.

"ఆ రోజు మీకు కార్డు లేదా?"

ఆయన అట్ట మీద లేని దుమ్ము తుడిచాడు.

"కార్డు మీద వద్దు" అన్నాను. "మీరు చెప్పిన దారిలోనే రావాలి. చిరిగి రావాలి."

తమ్ముడి కత్తి పిడి ఆయన వైపు ఉండేలా బల్ల మీద పెట్టాను.

"మీకేమైనా మతిపోయిందా తల్లీ? నా చేతుల్తో నేనే ఎలా...?"

"పేజీ ఒక్కటి కూడా పోకూడదు. వెనక కుట్టు తెంపి అట్ట విడదీయండి, చాలు. నాకు చేతకాదు. చేతనైనవాడు లేడు."

పేజీ మూల మడిచారని ఎందరు పిల్లల్ని బయటికి పంపాడో ఆ మనిషి. రెండుసార్లు కత్తి పట్టుకుని దింపేశాడు. నేను రసీదు పుస్తకం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాను. మూడోసారి కోశాడు. గట్టి కుట్టు. దారాలు ఒక్కొక్కటే తెగుతూ టప్పుమంటుంటే, ప్రతి చప్పుడుకూ ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. అట్ట ఊడి చేతిలోకి వచ్చాక దాన్ని పక్కన పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రోజు కూడా ఇలాగే తుడుచుకున్నాడు. ఇవాళ చాలాసేపు పట్టింది.

జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు.

నలభై మూడు పుస్తకాలూ నేనే ఆటోలోకి చేరవేశాను. కొన్ని తమ్ముడు కుట్టినవి, కొన్ని ఇంకా కుట్టనివి. తర్వాత రసీదు పుస్తకంలో కొత్త పేజీ తీసి, బైండింగుకు ఒక పుస్తకం ముట్టిందని రాశాను. ఇచ్చినట్టు ఆయన సంతకం పెట్టాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

"తిరిగి ఎప్పుడిస్తారని రాయమంటారు?"

"మా బైండరు పోయాడు కదండీ. ఇంకొకడు దొరికేదాకా ఇక్కడే ఉంటుంది. తొందరెందుకు?"

ఆ మాట ఆయన గుర్తుపట్టాడు. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళి ఆటో ఎక్కాడు.

తలుపు వేసి తమ్ముడి పీట మీద కూర్చున్నాను. విడి కాగితాలు సర్దుకుని మొదటిది అందుకున్నాను. వాడు వినేటంత గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఓడ ఇంకా మంచులోనే ఉంది.