గ్యారీ అమ్మనన్న ఆల్బమ్

పక్కింటి గ్యారీకీ నమ్రతకీ మొదటి నుంచీ పడదు. నమ్రత వాళ్లు ట్రాయ్ ఊళ్లో ఇల్లు కొనుక్కుని వచ్చిన వేసవిలోనే, ఫెన్స్ పక్కన ఆమె వేసిన గోంగూరని పిచ్చిమొక్కలంటూ సిటీ ఆఫీసుకి కంప్లెయింట్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు గానీ, ఆనాటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు.

ఒక శనివారం గ్యారీ వాళ్లింట్లో పాత సామాన్లు అమ్మేసే గ్యారేజ్ సేల్ పెట్టారు. నమ్రతకి కుండీలు కావాలి. గ్యారీ కనిపించకపోయేసరికి ధైర్యం చేసి లోపలికి వెళ్లింది. బల్ల మీద లావుపాటి ఆల్బమ్ ఒకటి ఉంది. తెరిస్తే అన్నీ ఆటగాళ్ల ఫొటోలున్న పాత బేస్‌బాల్ కార్డులు.

"చెయ్యి తియ్!" వెనక నుంచి గ్యారీ అరిచాడు. "అవి నేను పుట్టకముందువి. మీవాళ్లకి క్రికెట్ కదా, వీటి సంగతి నీకేం తెలుస్తుంది?"

అందరి ముందూ ఆ మాట. నమ్రత చెవులు వేడెక్కిపోయాయి. "అమ్మకానికి పెట్టినవేగా? నేను కొంటాను."

"నీకు అమ్మను."

అతని భార్య క్యారల్ కుర్చీలోంచి లేచింది. "అమ్ముతాం. నీ పాత సామాన్లు ఏళ్ల తరబడి ఒక గది గదంతా మింగేశాయి. ఖాళీ చేస్తానని నువ్వే మాటిచ్చావు." గ్యారీ నోరు తెరిచేలోపు ఆల్బమ్‌ని సంచిలో పెట్టి నమ్రత చేతికిచ్చేసింది. నమ్రత మీద ప్రేమతో కాదు, మొగుడి మీద కసితో.

ఇంటికొచ్చాక భర్త ఫణి తల పట్టుకున్నాడు. "కుండీలకని వెళ్లి ఇదేంటి? నీకు బేస్‌బాల్ అంటేనే చిరాకుగా!"

"చిరాకే. ఒక్కొక్కటీ అతను చూస్తుండగా చింపి ట్రాష్‌లో వేస్తాను."

నిజంగానే చింపుదామని ఒక కార్డు బయటికి లాగింది. ఎడంచేత్తో బంతి విసరబోతున్న కుర్రాడు. మూలలు అరిగి మెత్తబడ్డాయి. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో రాసుంది: సీజన్ అయిపోయాక అన్నగారి మాంసం కొట్లో పనిచేస్తాడట. నమ్రత మళ్లీ చదివింది. పెద్ద జట్టులో ఆడేవాడు చలికాలమంతా మాంసం కొడుతూ! ఇంకోటి తీసింది. ఇతను స్కూల్ బస్సు నడుపుతాడు. ఇంకోటి. ఇతనికి పావురాలంటే ప్రాణం.

ఫణి భోజనానికి పిలిచాడు. నమ్రత ఇంకో పేజీ తిప్పింది.

ఒక పేజీలో ఒక అర ఖాళీగా ఉంది. నంబర్లు చూస్తే వరసలో ఒక కార్డు లేదు. ఆ ఖాళీ పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఆమెని వదల్లేదు.

మర్నాడు ఫెన్స్ దగ్గర గ్యారీ నిలబడి ఉన్నాడు. "నా కార్డులు నాకిచ్చెయ్."

"ఇవ్వను."

"ఏం చేసుకుంటావ్?"

"చదువుకుంటాను. ఆ లేనిది కూడా సంపాదిస్తాను."

"నాకే దొరకలేదు. నీకా దొరికేది!"

"దొరికేదాకా వెతుకుతాను." కోపంలో అన్న మాటే. వంటింట్లోకి వచ్చేసరికి మాత్రం ఒళ్లంతా ఏదో హుషారు.

ఆ కార్డు రెండో ఏడే దొరికింది. గ్యారీకి చూపించాలనిపించింది గానీ చూపించలేదు. తర్వాత గ్యారీ వాళ్లు ఇల్లమ్మి వెళ్లిపోయారు. వెళ్లేరోజు కూడా పలకరింపుల్లేవు. నమ్రత కార్డుల వేట మాత్రం ఆగలేదు. సెలవులన్నీ దానికే.

ఈమధ్య షాంటిలీ అనే ఊళ్లో కార్డుల షోకి వెళ్లినప్పుడు, టేబుల్ వెనక కార్డులమ్మే మనిషి ఆమెని దాటి ఫణిని చూశాడు. "మీకేం కావాలి సార్?"

"నాక్కాదు," అన్నాడు ఫణి.

నమ్రత కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. "ఆ పెట్టె ఇటు తియ్యండి," అంది, నవ్వకుండా.