భేషుగ్గా ఉందండీ
చేపల ఫ్యాక్టరీ మిషనులో కుడిచెయ్యి నలిగాక కోల్మన్ పరిహారానికి తనే దరఖాస్తు పెట్టుకున్నాడు. "కాగితాలు నింపడానికి లాయరెందుకే?" అన్నాడు. భార్య సోర్చాకీ నిజమేననిపించింది.

తీరా పరిహారం తేల్చే డాక్టరు "చెయ్యెలా ఉందయ్యా?" అనగానే, తమ గాల్వే ఊరి మగాళ్లందరిలాగే "భేషుగ్గా ఉందండీ" అన్నాడు. డాక్టరు అదే రాసుకోబోయాడు.

"మీ నాన్న పోయే రోజు కూడా అదే అన్నాడు!" పక్కనే ఉన్న సోర్చా మొగుడి మీద మండిపడింది.

ఆర్నెల్ల కిందటి వరకు కోల్మన్ రోజూ పనినుంచి రాగానే తమ పిల్లని గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడు. ఆ కేరింతల కోసం సాయంత్రమైతే సోర్చా చెవులు ఇంకా ఎదురుచూస్తాయి.

ఒళ్లోని పిల్లని అతనికి అందించబోయింది. "ఏదీ, ఒక్కసారి ఎగరెయ్యి."

పిల్ల నవ్వుతూ చేతులు చాచింది. కోల్మన్ కుడిచెయ్యి పైకి లేవలేదు.

"నా వల్ల కాదండీ," అన్నాడు డాక్టరుతో.