చీపురాయన ఆదివారం

నల్లటి తెర మీద కర్సరు మినుకుమంటోంది. పార్సెల్ సర్వీసు డేటాబేసుకు తీసిన బ్యాకప్ సరిగ్గా ఉందని చూసుకుని, అతను పాత సమాచారపు వరసలను కొద్దికొద్దిగా చెరపడం మొదలుపెట్టాడు. ఒక్కసారే చెరిపేస్తే సర్వరు మొరాయిస్తుంది. ఎప్పుడో చేరిపోయిన పార్సెళ్ళు, మూతపడ్డ బ్రాంచీలు, ఎవరో పరీక్షకని పెట్టి మరిచిపోయిన టేబుళ్ళు. అందరూ ఇళ్ళలో ఉండే ఆదివారం పూటే ఈ పని. అందుకే ఆఫీసులో అతన్ని చీపురాయన అంటారు. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

ముందుకు వంగిపోయిన మెడ, ఏసీ చలికి భుజాల మీద వేసుకున్న, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు. అతను పని బాగా చేస్తే ఎవరికీ తెలియదు. సోమవారం సర్వరు నెమ్మదిస్తే మాత్రం అందరికీ అతని నంబరు గుర్తొస్తుంది.

చెరపడం పూర్తవుతుండగా బావ ఫోన్ చేశాడు. అక్కకు ఆయాసం ఎక్కువైందని, ఆసుపత్రిలో చేర్చానని, అతన్నే అడుగుతోందని చెప్పాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ఊరందరి బట్టలూ కుట్టి కంప్యూటర్ కోర్సులో చేర్పించిందీ ఆవిడే.

“ఇదొక్కటి అవనీ బావా, వచ్చేస్తా.”

మిగిలింది అన్నిటికన్నా పెద్ద టేబుల్. చెరిపిన వరసల ఖాళీని వెనక్కి లాగి దాన్ని కుదించాలి. కమాండ్ కొట్టాడు. ఎంతవరకు వచ్చిందో తెర చెప్పలేదు. రెండు మీటలు కలిపి నొక్కితే ఆగిపోతుంది, టేబుల్ ఎప్పటిలాగే ఉంటుంది, మళ్ళీ ఆదివారం చేసుకోవచ్చు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అయినా మేనేజరుకు ఫోన్ చేసి అడిగాడు.

“మొదలుపెట్టాక మధ్యలో వదిలేస్తారా? సరే, మీ ఇష్టం,” అన్నాడు మేనేజరు.

ఆ ‘మీ ఇష్టం’ విన్నాక అతను కుర్చీలోంచి లేవలేకపోయాడు.

బావ మళ్ళీ చేశాడు. పని అయిపోవచ్చిందని ఇతను చెప్పాడు. మేనకోడలి పెళ్ళికీ ఇలాగే భోజనాలయ్యాక వెళ్ళాడు. అక్క కంటి ఆపరేషన్‌కు కట్టు విప్పాక వెళ్ళాడు. ఎవరైనా దెప్పితే, వాడికి ఊపిరాడని పని అని అక్కే వెనకేసుకొచ్చేది.

చివరికి పని పూర్తయినట్టు తెర మీద చిన్న మాట వచ్చింది. అప్పుడైనా లేవవచ్చు. ఎలాగూ ఇంతసేపు ఆగాను కదా అని మిగతా టేబుళ్ళలో వెతకడం తేలిక చేసే ఇండెక్సులు కూడా మళ్ళీ కట్టాడు. అంతా అయిందని మేనేజరుకు మెసేజ్ పెట్టాడు. బదులుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.

ఆసుపత్రి వరండాలో బావ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

“ఇందాకే,” అన్నాడు.

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ మంచం మీద అప్పుడే దుప్పటి మార్చారు. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాడు. ట్రాఫిక్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

బావ అతని వైపు చూడకుండానే చెప్పాడు. “చెవి మిషను పెట్టమని అడిగింది. రొద భరించలేనని ఎప్పుడూ తీసి పడేస్తుందిగా. నువ్వొస్తున్నావంటే పెట్టించుకుంది. నీ మాట వినబడాలంది.”

మంచం పక్కన స్టీలు గిన్నెలో, ఎవరూ ఆపని ఆ చెవి మిషను సన్నగా కూస్తోంది.